శ్రీ ప్రతీకార్థ విశారద స్తోత్రం

మహాశయా!

మన శతకకవులది పాడు అలవాటు. కాసుల పురుషోత్తమకవి శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువును పట్టుకుని శతకం పొడుగునా ఎత్తిపొడిచాడు. అదంతా లోపల స్తుతేనని పండితులు సర్దిచెప్పాల్సి వచ్చింది. నాకంత పాండిత్యం లేదు. మిమ్మల్ని ఎత్తిపొడిచే సాహసం అంతకన్నా లేదు. పొగడడం ఒక్కటే చేతనవును కనక ఈ వ్యాసం ఆసాంతం పొగడ్తే. ఎక్కడైనా గుచ్చుకుంటే నా భాషాలోపంగా భావించి మన్నించండి. మన్నించడంలో మీకున్న అనుభవం లోకంలో ఇంకెవరికుంది? ఎవరికో జరిగిన అన్యాయాన్ని వాళ్ల తరఫున మీరే మన్నించేసి, ఇంటికెళ్లి భోంచేసి హాయిగా నిద్రపోగలరు.

మీ పేరు చాలామందికి తెలియదు గానీ మీ సేవ తెలియనివారు లేరు. నాటకం మీద సమీక్ష రాసేది మీరే, పిల్లలకు గైడు రాసేది మీరే, సెమినార్‌లో పేపరు చదివేది కూడా మీరే. ఏ నాటకమైనా మీ చేతిలో పడ్డాక మిగిలేవి రెండే శీర్షికలు: ఇతివృత్తాలు, ప్రతీకలు. ఈ విద్య మీరు అన్ని దేశాల నాటకాల మీదా ప్రయోగించారు గానీ, వర్ణవివక్ష పోయిన తర్వాతి దక్షిణాఫ్రికా మీద చూపించిన పనితనం మాత్రం నభూతో నభవిష్యతి.

1994 ఏప్రిల్ 27న అక్కడ నల్లవాళ్లూ తెల్లవాళ్లూ మొదటిసారి ఒకే వరుసలో నిలబడి ఓటేశారు. ఓటు వేసి ఇంటికొచ్చాక ఒక మొరటు ప్రశ్న గుమ్మంలో కూర్చుంది. ఇన్నాళ్లూ లాక్కున్నదాంట్లో ఎవరు ఎంత తిరిగివ్వాలి? ఎప్పుడివ్వాలి? అక్కడి నాటకకర్తలు ఉన్నవాళ్లు ఉన్నట్టు ఉండక ఆ ప్రశ్నను రంగస్థలం మీదికి ఎక్కించారు. బూడిద, చెట్టు మొద్దు, మొసలి, సమాధి పలకకు బదులుగా పాతిన ఇనప తుక్కు, ఇలాంటి సామాన్లన్నీ తెచ్చి జనం ముందు పెట్టారు. సమయానికి మీరు అడ్డుపడ్డారు కనక సరిపోయింది. ‘ఇవి బాకీ కాగితాలు కావు నాయనా, ప్రతీకలు’ అన్నారు. హాలంతా ఊపిరి పీల్చుకుంది. బాకీని తీర్చాలి. ప్రతీకనైతే అర్థం చేసుకుంటే చాలు.

ముందుగా జాన్ కానీ రాసిన ‘నథింగ్ బట్ ద ట్రూత్’ మీద మీరు చేసిన ఉపకారం చెప్పుకోవాలి. 2002లో జొహానెస్‌బర్గ్ మార్కెట్ థియేటర్‌లో ఆడిన నాటకం అది. ప్రధాన పాత్ర ఆయనే వేశాడు. అప్పట్లో పోర్ట్ ఎలిజబెత్ అని పిలిచిన ఊరిని ఆనుకుని న్యూ బ్రైటన్ అనే నల్లవాళ్ల పేట ఉంది. అక్కడ సిఫో మఖాయా అనే అరవై మూడేళ్ల పెద్దమనిషి ఉంటాడు. ఏళ్ల తరబడి గ్రంథాలయంలో రెండో కుర్చీలో కూర్చుని పనిచేశాడు. రోజులు మారాయి కదా, రిటైరయ్యేలోగా పెద్ద కుర్చీ దక్కుతుందని ఆశపడ్డాడు. అది తనకన్నా చిన్నవాడికి పోయింది. అదే వారంలో లండన్‌లో ప్రవాసంలో ఉంటూ పోరాటవీరుడని పేరు తెచ్చుకున్న తమ్ముడు థెంబా పోయాడు. శవపేటిక వస్తుందనీ, ఆచారం ప్రకారం సొంత మట్టిలో పూడ్చాలనీ సిఫో ఏర్పాట్లన్నీ చేసుకుని విమానాశ్రయానికి వెళ్తాడు. లండన్‌లో పుట్టి పెరిగిన తమ్ముడి కూతురు మండీసా చేతిలో చిన్న పాత్రతో దిగుతుంది. అందులో ఉన్నది బూడిద.

సిఫో ఆ బూడిదను చూసి నోరు తెరుస్తాడు. ఇక మూయడు. చిన్నప్పటి ఆటవస్తువు దగ్గర్నుంచి చదువు దాకా తమ్ముడు ఏమేం లాక్కున్నాడో ఏకరువు పెడతాడు. ఆ వరుసలో కట్టుకున్న భార్య కూడా ఉంది. కొడుకు లువూయో పోలీసు తూటాకు బలయ్యాడు, కాల్చినవాణ్ని బోనులో చూడాలని అడుగుతాడు. కూతురు థండో, వర్ణవివక్ష కాలపు నేరాలను తవ్వడానికి వేసిన సత్య సయోధ్య కమిషన్ విచారణల్లో దుబాసీగా పనిచేస్తూ హంతకులకు క్షమాభిక్ష పెట్టే మాటలను రోజూ ఒక భాషలోంచి ఇంకో భాషలోకి తిప్పుతూ ఉంటుంది. ఇంట్లో కూర్చున్న తండ్రి మాత్రం నాకెవరూ ఏమీ చెప్పలేదే, నన్నెవరూ ఏమీ అడగలేదే అంటాడు. జాన్ కానీ సొంత తమ్ముడు 1985లో ఒక చిన్నపిల్ల అంత్యక్రియల్లో కవిత చదువుతుండగా పోలీసుల చేతిలో చనిపోయాడు. నాటకం ఆ గాయంలోంచి పుట్టింది.

ఇక్కడే మీ ప్రతిభ మెరిసింది. సిఫో అడిగినవి మూడు: ఉద్యోగం, విచారణ, నిజం. మూడూ ఇవ్వడం ఎవరికైనా కష్టమే. మీరు ఆయన చేతిలో ‘బూడిద గతానికి ప్రతీక’ అన్న వాక్యం పెట్టారు. నాటకం అక్కడి పన్నెండో తరగతికి పాఠ్యమైంది. అది చదివిన పిల్లలు బూడిద దేనికి ప్రతీక అనే ప్రశ్నకు తడుముకోకుండా జవాబు రాస్తారు. పెద్ద కుర్చీ సిఫోకు ఎందుకు రాలేదు, ఇవ్వాల్సిందెవరు అన్న ప్రశ్న పరీక్షలో రాదు. వస్తే దిద్దేవాళ్లకు ఎంత ఇబ్బంది! చివర్లో సిఫో మెత్తబడి తమ్ముణ్ని మన్నించే ఘట్టాన్ని పట్టుకుని, నాటకం మొత్తం క్షమాపణ గురించేనని తేల్చారు చూడండి, ఆ సూక్ష్మదృష్టికి చేతులెత్తి మొక్కాలి. ఆయన మన్నించింది తమ్ముణ్ని. కొడుకును కాల్చిన పోలీసును కాదు. ఇద్దరినీ ఒకే సంతకంతో విడుదల చేసిన న్యాయమూర్తి మీరు తప్ప ఇంకొకరు లేరు.

అథోల్ ఫుగార్డ్ ‘వ్యాలీ సాంగ్’ దగ్గర మీరు ఇంకో మెట్టు ఎక్కారు. 1995 నాటి నాటకం. కరూ మెట్టభూముల్లో ఒక లోయ ఉంది. బూక్స్ అనే ముసలి రైతు తనది కాని నేలలో గుమ్మడి విత్తనాలు నాటుకుంటూ బతుకుతున్నాడు. తెల్ల రచయిత ఒకాయన ఆ ఇల్లూ ఆ నేలా కొనాలని వస్తాడు. బూక్స్ మనవరాలు వెరోనికాకు పాటగత్తె కావాలని, ఊరు దాటాలని ఆశ. కొనబోయే ఆసామినీ, వెళ్లగొడతారేమోనని బెంగపడే ముసలివాణ్నీ ఒకే నటుడు వెయ్యాలని రచయిత నియమం పెట్టాడు. మొదట్లో ఫుగార్డే వేశాడు. నడుం వంచితే రైతు, నిటారుగా నిలబడితే ఆసామి.

ఆ నియమం చూసి, ఒక్క ఒంట్లో ఇద్దరిని నిలబెడితే భూమి ఎవరికి చెందుతుంది అని నాబోటివాడు గొణుక్కుంటాడు. మీరు ఆ గొణుగుడు వినలేదు. ‘నలుపు తెలుపుల అద్వైతం’ అన్నారు. భేష్. భూసంస్కరణ ఇంత చవగ్గా ప్రపంచంలో ఇంకెక్కడా జరగలేదు. సర్వే లేదు, పట్టా లేదు, నష్టపరిహారం లేదు. నటుడి నడుం ఒక్కటి వంగితే చాలు.

1913 భూచట్టం నల్లవాళ్లు భూమి కొనుక్కునే హక్కును దేశంలో దాదాపు ఏడు శాతం నేలకు కుదించింది. 1936లో అది పదమూడు శాతానికి పెరిగింది. 1994లో కొత్త ప్రభుత్వం, ఐదేళ్లలో ముప్పై శాతం వ్యవసాయ భూమిని తిరిగి పంచుతామని మాటిచ్చింది. ఐదేళ్లు గడిచాయి, గడువు 2014కు జరిగింది, అదీ దాటిపోయింది. 2017 నాటి సర్కారు లెక్కల ప్రకారం వ్యక్తుల పేర ఉన్న వ్యవసాయ భూమిలో 72 శాతం ఇంకా తెల్లవాళ్ల చేతిలోనే ఉంది. ఇంత పొడి అంకెలు నాటకం చూసే రసహృదయాలను ఎండబెట్టేవే. మీరు వాటిని హాల్లోకి రానివ్వలేదు.

యాయెల్ ఫార్బర్ మాత్రం మొండికేసి ఆ అంకెలను వంటింట్లోంచే మొలిపించింది. 2012లో వచ్చిన ‘మీస్ జూలీ’ స్వీడన్ నాటకకర్త స్ట్రిండ్‌బర్గ్ నాటకాన్ని తీసుకెళ్లి కరూ పొలంలో నాటింది. ఫ్రీడమ్ డే రాత్రి, తెల్ల ఆసామి వంటగది. ఆసామి కూతురు జూలీ, పనివాడు జాన్, ఇద్దరినీ పెంచిన జాన్ తల్లి క్రిస్టీన్. గది నడుమ గచ్చు పగలగొట్టుకుని చెట్టు మొద్దు, దాని వేళ్లూ పైకొచ్చాయి. కొట్టేసిన చెట్టు అది. ఆ గచ్చు కింద క్రిస్టీన్ పూర్వీకుల సమాధులున్నాయి. ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని ఆ గచ్చునే తుడుస్తూ ఉంటుంది. తుడిచిన చోటల్లా చెయ్యి వేళ్లకు తగులుతుంది.

మాటల్లేని ఆ ఒక్క పని చూస్తే చాలు, ఎవరి ఇంటి కింద ఎవరి వాళ్లు పడుకున్నారో చంటిపిల్లకైనా తెలుస్తుంది. తన పెద్దల గోరీ మీది గచ్చును ఆవిడ జీతానికి తుడుస్తోంది! మీరు ఆ చంటితనాన్ని దాటిన వారు. వేళ్లంటే ‘అణచివేసిన కామం, అణగని చరిత్ర’ అని రెండు ముక్కల్లో తేల్చేశారు. కామం ఉంది కాబట్టి టికెట్లు అమ్ముడయ్యాయి. చరిత్ర ఉంది కాబట్టి పేపరు అచ్చయింది. గోరీలు అక్కడే ఉన్నాయి. ఇల్లూ అక్కడే ఉంది. క్రిస్టీన్ చేతిలో గుడ్డ కూడా అక్కడే ఉంది.

ఇక మొసలి సంగతి. 1997లో జేన్ టేలర్ రాయగా విలియం కెంట్రిడ్జ్ దర్శకత్వంలో హ్యాండ్‌స్ప్రింగ్ బొమ్మలాట బృందం ఆడిన ‘ఊబూ అండ్ ద ట్రూత్ కమిషన్’లో అది నటించింది. మనుషులను మాయం చేసే పా ఊబూ రోజూ అర్ధరాత్రి కొంపకు చేరి స్నానం చేస్తాడు. ఒంటికి నెత్తురు వాసన. పెళ్లాం ఏమో మొగుడు ఎవత్తెనో తగులుకున్నాడని కుళ్లిపోతుంటుంది. అతను నీళ్లు పోసుకునే ఆ గాజు గదే కాసేపటికి కమిషన్ దుబాసీ కూర్చునే గది అవుతుంది. బాధితుల పాత్రలు చెక్కబొమ్మలవి, వాళ్లు తమ భాషలో చెబుతుంటే గాజు గదిలోంచి ఇంగ్లీషు వినిపిస్తుంది. ఊబూకు మూడు తలల కుక్క తోడు. దాన్ని విచారించినప్పుడు ఒక్కో తలకు ఒక్కో తీర్పు వస్తుంది. నేరం చేసినప్పుడు మాత్రం ఒళ్లు ఒక్కటే. వీళ్లందరి మధ్య మొసలి నోరు తెరుచుకుని పడుకుని ఉంటుంది. సాక్ష్యం అనదగ్గ కాగితాలూ ఫొటోలూ దాని నోట్లో వేస్తారు. నమిలి మింగేస్తుంది.

మొసలిని మీరు ‘విస్మృతికి ప్రతీక’ అన్నారు. అంత అందమైన మాట వినగానే నాకు కళ్లు చెమర్చాయి. మొసలికి కూడా చెమర్చి ఉంటాయి, దానికది అలవాటే. 1993లో, అధికారం చేతులు మారేముందు, అక్కడి గూఢచారి శాఖ తన కాగితాల్లో దాదాపు 44 టన్నులను ఉక్కు కర్మాగారం కొలిమిలో వేసి కాల్పించింది. కమిషనే తన నివేదికలో ఈ సంగతి రాసింది. అంటే నాటకకర్త ఏమీ కల్పించలేదు. కొలిమికి తోలు తొడిగి తోక తగిలించింది, అంతే. వార్తను మీరు ప్రతీకగా పదోన్నతి ఇచ్చి పంపించారు. వార్తయితే ‘ఎవరు కాల్చమన్నారు’ అని అడుగుతారు. ప్రతీకనైతే ‘ఎంత బాగా చేశారో’ అంటారు.

కమిషన్ మీద మీకున్న భక్తి కూడా కొనియాడదగ్గదే. 1996 ఏప్రిల్‌లో ఈస్ట్ లండన్‌లో తొలి విచారణ. అధ్యక్షుడు డెస్మండ్ టూటూ కన్నీళ్లు పెట్టుకున్నారు. ఇరవై వేల పైచిలుకు బాధితులు వాంగ్మూలాలిచ్చారు. ఏడు వేల మందికి పైగా క్షమాభిక్ష అడిగారు. చేసింది రాజకీయ కారణంతో చేశాననీ, చేసిందంతా దాచకుండా చెప్పాననీ నిరూపించుకుంటే చాలు, పశ్చాత్తాపం ఉండాలని చట్టం ఎక్కడా అడగలేదు. చివరికి వాళ్లలో చాలామందికి క్షమాభిక్ష దక్కలేదు. దక్కనివాళ్లలో కొన్ని వందల మంది కేసులను నడపమని ప్రాసిక్యూటర్లకు అప్పజెప్పారు. బాధితులకు ఆరేళ్ల పాటు ఏటేటా కొంత సొమ్ము ఇవ్వమని కమిషన్ సిఫారసు చేసింది. ప్రభుత్వం 2003లో ఒకేసారి తలా ముప్పై వేల ర్యాండ్లు ఇచ్చి చేతులు దులుపుకుంది. ఆ ఉత్తర్వు రాసిన గుమాస్తా ఎవరో గానీ మీ శిష్యుడే. ముప్పై వేలు పరిహారం కాదు, పరిహారానికి ప్రతీక.

ఫార్బర్ ‘మొలోరా’ రాసినప్పుడు గ్రీకు కథలోని తల్లీకూతుళ్లను తెచ్చి ఆ కమిషన్ బల్లల ముందే కూర్చోబెట్టింది. ఇటు బల్ల దగ్గర తెల్ల తల్లి క్లైటెమ్నెస్ట్రా, అటు బల్ల దగ్గర నల్ల కూతురు ఎలక్ట్రా, ఇద్దరి ముందూ మైకులు. మధ్యలో సమాధి మట్టి. తడి సంచి ముఖానికి తొడిగి ఊపిరాడకుండా చేసే హింసను తల్లి పాత్ర అందరి ముందూ చేసి చూపిస్తుంది. కమిషన్ విచారణలో ఒక పోలీసు అధికారి నిజంగానే అలా చేసి చూపించాడు. చివర్లో ఎలక్ట్రా తన తండ్రిని చంపిన తల్లి మీద గొడ్డలి ఎత్తుతుంది. అప్పటిదాకా పక్కన కూర్చుని పాడుతున్న షోసా ముసలమ్మలు లేచి వచ్చి ఆమెను పట్టేసుకుంటారు. గొడ్డలి లాక్కుంటారు. ఆ పిల్ల పెనుగులాడుతుంది, ఏడుస్తుంది, వాళ్ల చేతుల్లో వాలిపోతుంది.

మీకు కనిపించింది ‘క్షమ’. గొడ్డలి పట్టుకున్న చేతిని ఆపడానికి ఎంతమంది ఆడవాళ్లు, ఎంత బలంతో పట్టుకోవాల్సి వచ్చిందో మీకు కనిపించలేదు. దూరపు సీటు కాబోలు. పగ తీర్చుకోకుండా ఉండడం అక్కడ గాలివాటంగా జరగలేదు, పేదవాళ్ల చేతులు నొప్పెట్టేలా జరిగింది. ఆ కూలి ఎవరిస్తారు? అయ్యో, మళ్లీ కూలి మాట తెచ్చాను. మన్నించండి.

మిమ్మల్ని ఇరకాటంలో పెట్టిన రోజు కూడా ఒకటుంది. 1997లోనే ‘ద స్టోరీ ఐ యామ్ అబౌట్ టు టెల్’ అనే ప్రదర్శన వచ్చింది. ఖులుమాని అనే బాధితుల సంఘం తరఫున ఆడింది. నటులతో పాటు నిజంగా ఆ బాధ పడినవాళ్లే వచ్చి తమ కథ తాము చెప్పుకున్నారు. అందులో ఒకరు డూమా కుమాలో, ఉరిశిక్ష పడ్డ ‘షార్ప్‌విల్ ఆరుగురి’లో ఒకరు. మూడేళ్లు ఉరిగదిలో ఉండి, తాడుకు కొన్ని గంటల దూరం దాకా వెళ్లి ఆగిన మనిషి. ఆ ప్రదర్శన చూసిన కెంట్రిడ్జ్ ఒక సంగతి రాశాడు. ఉరిగదిలోంచి బతికొచ్చిన మనిషి ఒక చోట తన మాట మర్చిపోయి ఆగిపోయాడట. తనను అన్నిటికన్నా కదిలించింది ఆ క్షణమేనట. సొంత కథను ఎవరైనా ఎలా మర్చిపోతారు? కానీ ఆ క్షణంలో ఆయన వేదిక మీద తన వరస తప్పిపోయిన నటుడు కూడా కదా.

ఒక్కసారి ఆ హాల్లో మిమ్మల్ని ఊహించుకుంటాను. ఎదురుగా నిలబడింది మనిషి. బూడిద కాదు, బొమ్మ కాదు, మొద్దు కాదు. నోట మాట రాక నిలబడ్డాడు. దేనికి ప్రతీక అందాం? కలం జేబులోంచి తీశారు, మళ్లీ పెట్టుకున్నారు. వెరవకండి మహాశయా, మీరు గెలిచారు. డూమా కుమాలో తాను నిర్దోషినని రుజువు చేసుకోవాలని చివరిదాకా తిరిగి, ఆ మచ్చ చెరిగిపోకుండానే 2006లో చనిపోయారు. ఇప్పుడాయన ‘గాయపడ్డ జ్ఞాపకానికి ప్రతీక’. మనిషి అడ్డు తొలగాక మీ పని ఎప్పుడూ సులువే.

మన భద్రాచల రామదాసు ఇంత సంస్కారం లేనివాడు. గోల్కొండ చెరలో కూర్చుని, ప్రాకారానికి ఎంత సొమ్మైందో, సీతమ్మ నగకెంత, లక్ష్మణస్వామి నగకెంత అని వరసబెట్టి దేవుడికే లెక్క అప్పజెప్పాడు. ఎవడబ్బ సొమ్మని కులుకుతున్నావనేదాకా వెళ్లాడు. పైగా ఆ లెక్క నమ్మి సాక్షాత్తూ రాముడే వచ్చి తానీషాకు సొమ్ము కట్టాడని కథ. అప్పుడే మీరుంటే ‘పతకం భక్తికి ప్రతీక’ అని చెప్పి స్వామికి ఆ ప్రయాణం తప్పించేవారు. రామదాసు ఇప్పటికీ చెరలోనే ఉండేవాడు, పోతేపోనీ, వ్యాఖ్యానం మిగిలేది.

దక్షిణాఫ్రికాలో మనవాళ్ల సంగతి కూడా మీ చలవే. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడెక్కి నేటాల్ చెరకు తోటల్లో కూలికి దిగినవాళ్లలో తెలుగువాళ్లున్నారు. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం వచ్చాక డర్బన్‌లోని కేటో మేనర్‌లాంటి పేటలను ఖాళీ చేయించినప్పుడు భారతీయుల ఇళ్లూ నేలమట్టమయ్యాయి. కొన్ని గుళ్లు మాత్రం నిలిచాయి. జొహానెస్‌బర్గ్‌లో జాన్ కానీ నాటకం ఆడిన మార్కెట్ థియేటర్ కూడా ఒకప్పుడు ‘ఇండియన్ ఫ్రూట్ మార్కెట్’ అనే పండ్ల మండీ. 1976లో సొవేటో పిల్లల మీద కాల్పులు జరిగిన రోజుల్లోనే అది నాటకశాలగా తలుపులు తెరిచింది. దేశంలో ప్రేక్షకులను రంగును బట్టి విడగొట్టాలన్న రోజుల్లో అక్కడ అందరూ కలిసే కూర్చున్నారు. ఆ కూర్చోవడం ప్రతీక కాదు, చట్టోల్లంఘన. తేడా మీకు చెప్పేంతటివాణ్నా?

ఫుగార్డ్ ‘ద ట్రైన్ డ్రైవర్’ సంగతి చెప్పకపోతే స్తోత్రం వెలితిపడుతుంది. చంటిబిడ్డను వీపున కట్టుకుని రైలుకు ఎదురెళ్లిన నల్ల ఆడమనిషిని రూల్ఫ్ అనే తెల్ల డ్రైవర్ ఆపలేకపోయాడు. ఆమె పేరు ఎవరికీ తెలియదు. అడిగేవాళ్లు లేని శవాలను పూడ్చే చోటికి వచ్చి, ఆమె గోరీ ఏదో చూపించమని కాటికాపరి సైమన్‌ను వేధిస్తాడు. మొదట ఆమెను నోరారా తిట్టిపోద్దామని వస్తాడు. అక్కడ రాతి పలకలు లేవు, పేర్లు లేవు. ఇసక మీద పాత కారు ముక్కలు, తుక్కు సామాను పెట్టి ఉంటాయి.

ఈ నాటకం 2010లో కేప్‌టౌన్‌లో కొత్తగా తెరిచిన ఫుగార్డ్ థియేటర్‌లో ఆడింది. ఆ థియేటర్ ఉండేది డిస్ట్రిక్ట్ సిక్స్‌లో. 1966లో అది తెల్లవాళ్ల ప్రాంతమని ప్రకటించి, అరవై వేల మందికి పైగా జనాన్ని ఊరవతల ఇసక నేలల్లోకి తోలేసి ఇళ్లన్నీ కూలగొట్టారు. పేరులేని గోరీల కథను, పేటనే గోరీ కట్టిన చోట కూర్చుని చూశారన్నమాట. మీరు ఇనప తుక్కును ‘గుర్తింపు లేమికి ప్రతీక’ అని రాసుకుంటూ బయటికొచ్చి, కారు ఎక్కడ పెట్టామా అని వెతుక్కున్నారు. కారు కింది నేల ఎవరిదో వెతకలేదు. అంత రాత్రివేళ ఎవరు మాత్రం వెతుకుతారు?

2019లో జాన్ కానీ మళ్లీ ‘కునేనే అండ్ ద కింగ్’తో వచ్చాడు. చావుకు దగ్గరపడ్డ తెల్ల నటుడు జాక్ మోరిస్ షేక్‌స్పియర్ లియర్ రాజు వేషం ప్రాక్టీసు చేస్తుంటాడు, నల్ల నర్సు లుంగా కునేనే మందులిస్తుంటాడు. కునేనే డాక్టరు కావాల్సినవాడు. వర్ణవివక్ష రోజుల్లో ఆ చదువు అందలేదు. ‘మానవత్వపు సేతువు’ అన్నారు మీరు. సేతువు మీద నడిచేది ఒకరు, కింద భుజం పట్టేది ఇంకొకరు అన్న సంగతిని వదిలేయడంలో మీ ఔచిత్యం కనిపిస్తుంది.

ఇంకొక్క కబురు చెప్పి ముగిస్తాను. కమిషన్ అప్పజెప్పిన ఆ వందల కేసుల్లో చాలావరకు ఏళ్లు గడిచినా కోర్టు మెట్లెక్కలేదు. చనిపోయినవాళ్ల బిడ్డలు కోర్టుకెళ్లారు. అప్పుడు 2025లో అధ్యక్షుడు రమఫోసా, ఆ కేసులను ఆపింది ఎవరో తేల్చడానికి ఒక విచారణ కమిషన్ వేశారు. కమిషన్ చెప్పింది ఎందుకు జరగలేదో కనుక్కోవడానికి ఇంకో కమిషన్! ఇంత చక్కని ఇతివృత్తం దొరికాక మీరు కలం పట్టకుండా ఉండరు. అప్పుడు ఆ బిడ్డలు ఎవరో ఒకరు వచ్చి ‘మాకు కావాల్సింది నాటకం కాదయ్యా, మా నాన్నను చంపినవాడి పేరు’ అంటే కంగారుపడకండి. ఆ గొంతులోని వణుకు దేనికి ప్రతీకో చెప్పి పంపించండి.

ఫలశ్రుతి.

ఈ స్తోత్రాన్ని త్రిసంధ్యలా పఠించేవారికి సకల గ్లానులూ తొలగుతాయి. ఇతరుల నేల మీద కట్టుకున్న ఇంట్లో సుఖనిద్ర పడుతుంది. ఎవరు ఏ బాకీ అడిగినా కంట తడి పెట్టుకుని చప్పట్లు కొట్టే శక్తి కలుగుతుంది. సెమినార్లలో సన్మానం, శాలువా తప్పవు. అయితే పఠించేవారు ఒక్క నియమం పాటించాలి. మీకు రావాల్సింది ఎగ్గొట్టినవాడు, జీతం కానీ పొలం కానీ కన్నబిడ్డ ప్రాణానికి జవాబు కానీ ఇవ్వాల్సినవాడు, వాటి బదులు చక్కని ప్రతీక ఒకటి పంపితే కళ్లకద్దుకుని పుచ్చుకుని, ‘ముట్టినది’ అని రాసి సంతకం పెట్టాలి. ఈ నియమానికి ఒప్పుకునేవారు ఒక్కరు దొరికినా, ఈ పొగడ్తలో ప్రతి మాటా నిజమేనని ఒప్పుకోవడానికి నేను సిద్ధం.